‘కుదిరింది’ అనే గడి

నేను ఒక ఫారాన్ని. రేషను కార్డు కోసం నింపే కాగితం ఫారాన్ని కాదు. కంప్యూటరు తెర వెలిగితే కనబడతాను, ఆరితే కనబడను. ఆరిపోయాక ఇక లేనని మనుషులు అనుకుంటారు. అది వాళ్ల పొరపాటు. ఆరిన తెర వెనక పేర్లూ, ఫోటోలూ, పుట్టిన తేదీలూ అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. ఎవరో ఒకరు వచ్చి మళ్లీ వెలిగించేదాకా చీకట్లో కూర్చుని ఉంటాయి. వాటిలో రెండు పేర్లు నన్ను ఇప్పటికీ వదలలేదు. వాటి సంగతి చెప్పుకోవాలనే నోరు విప్పాను.

నేను పుట్టింది కాకినాడ మెయిన్ రోడ్డులో, ఒక చెప్పుల కొట్టు మీది మేడ గదిలో. అది వివాహ పరిచయ కేంద్రం. నన్ను తయారు చేసినవాడు ఫణీంద్ర. ఊళ్లో కంప్యూటరు పాఠాలు చెప్పుకునేవాడు. వారం రోజులు మిరపకాయ బజ్జీలు తింటూ, నూనె చేతులతోనే నన్ను కట్టాడు. ఆ నూనె మరక మీటల మీద చాలాకాలం ఉంది.

నా పని చూడ్డానికి చిన్నదే. నా తల మీద ఒక పెట్టె ఉంటుంది. దాని పక్కన బాణం గుర్తు నొక్కితే పేర్లు వరసగా జారతాయి. ఒక పేరు ఎంచుకోగానే పైన ఆ మనిషి ఫోటో, వయసు, గోత్రం, నక్షత్రం వస్తాయి. కింద ఆ పేరుకు ముడిపడినవి మాత్రమే వచ్చి నిలబడతాయి. ముందు జరిగిపోయిన పెళ్లిచూపులు, వాటి తర్వాత ఇంకా చూడాల్సిన సంబంధాలు. మిగతా వందల మందీ ఎక్కడికి పోతారో ఎవరికీ పట్టదు. పైన పేరు మార్చితే కింద లోకమంతా మారిపోతుంది. కొత్తలో ఈ వైభవం చూసి నాకు కాస్త పొగరుండేది.

మనుషుల తమాషాలు నాకు బాగా తెలుసు. నా దగ్గరికి వచ్చిన అబ్బాయిలందరూ మేడ మెట్లు ఎక్కేసరికి రెండంగుళాలు పొడుగయ్యేవాళ్లు. అమ్మాయిలందరూ చామనఛాయ కంటే కొంచెం తెలుపే. వయసు మాత్రం నేను ఎవరినీ అడగను. పుట్టిన తేదీ చూసి, కంప్యూటరు గడియారం చూసి, నేనే లెక్క కట్టుకుంటాను. ఈ కిటుకు కనిపెట్టిన తల్లులు ఏకంగా పుట్టిన తేదీనే మార్చి చెప్పడం మొదలుపెట్టారు.

కేంద్రం యజమాని పేరు మృత్యుంజయరావు గారు. పేరు అలాంటిదే గాని, చావు మాట వినబడితే ఆయన లేచి అవతలికి వెళ్లిపోయేవారు. శుక్రవారం శుక్రవారం నా తెర అంచుకు పసుపు రాసి బొట్టు పెట్టేవారు. ఆ పసుపు రాలి మీటల సందుల్లో పడేది. నాలో ‘పరిస్థితి’ అనే గడి పెట్టేటప్పుడు ఫణీంద్ర ఐదారు మాటలు రాసుకొచ్చాడు. ఆయన వాటిని చూసి మొహం చిట్లించారు.

“‘ఆగిపోయింది’ ఏంటయ్యా, ‘రద్దయింది’ ఏంటయ్యా? శుభమా అని పెళ్లిళ్లు కుదురుత్తుంటే ఆ మాటలెందుకు? తీసెయ్. ‘చూస్తున్నారు’, ‘మాటల్లో ఉంది’, ‘కుదిరింది’. ఈ మూడే ఉంచు.”

“మరి ఎవరికైనా ఏదైనా అయితేనండి?”

“ఏవీ అవదు.”

అలా నాలో మూడు మాటలే మిగిలాయి. పేరు చెరిపెయ్యడం కూడా ఆయనకు గిట్టదు. శుభకార్యానికని రాసుకున్న పేరును కొట్టెయ్యకూడదట. పైగా ‘కుదిరింది’ అని పెట్టాలంటే ఎవరితో, ఏ తేదీన అన్నది కూడా నింపి తీరాలని ఫణీంద్ర నాకు గట్టిగా నేర్పాడు. అవి నింపనిదే నేను ఒప్పుకోను. ఇలా నన్ను అన్ని వైపులా బిగించేసి, అంతా బాగుందనుకుని బజ్జీల పొట్లం మడిచి పారేసి వెళ్లిపోయాడు.

నా ముందు కూర్చునే మనిషి సౌదామిని. ముప్పై దాటిన మనిషి. ఫోన్లన్నీ ఆవిడే ఎత్తేది, నన్ను నింపేదీ ఆవిడే. ఆవిడ పేరు మాత్రం నాలో లేదు. ఎవరైనా “మరి మీ సంగతేంటమ్మా?” అని అడిగితే, “వడ్డించేవాళ్లు ఆఖర్న తింటారండి” అని నవ్వేసేది. పెళ్లిచూపులయ్యాక రెండు వైపులవాళ్లూ ఫోన్ చేసి ఏమన్నారో, దాన్ని ‘అభిప్రాయం’ గడిలో ఉన్నదున్నట్టు రాసేది. మామూలుగా తండ్రులే ఫోన్ చేసేవాళ్లు, “జాతకాలు కుదర్లేదండి” అనేవాళ్లు. జాతకాలు కుదిరాయో లేదో నాకంటే వాళ్లకు ఎక్కువ తెలుసా! అయినా నేను మాట్లాడేదాన్ని కాదు.

తానే ఫోన్ చేసిన అమ్మాయి ఒక్కతే. పేరు హైమ. వాళ్ల నాన్న సుబ్బారాయుడు, జగన్నాథపురంలో ఐసు ఫ్యాక్టరీలో మేస్త్రీ. ప్రతి పెళ్లిచూపుల మర్నాడూ హైమ ఫోన్ చేసేది. ఆ రోజు సౌదామిని మొహంలో వెలుగు నా తెర వెలుగు కాదు. హైమ పేరు కింద ఉన్న వరసలు నాకు కంఠతా వచ్చు.

‘మాట్లాడినంతసేపూ గోడ గడియారం వంకే చూశాడు. ఏదో రైలుకు టైమైనట్టుంది, ఎక్కించి పంపండి.’

‘ఉప్మా మొత్తం తినేశాడు. ఎవరు చేశారని అడగలేదు. మా నాన్న చేశాడు.’

‘వాళ్లమ్మ నన్ను నడిచి చూపించమంది. నడిచాను. తర్వాత ఆవిణ్ణి కూడా నడవమన్నాను. అందుకని వద్దన్నారు.’

ఇది రాసేటప్పుడు సౌదామినికి నవ్వాగక మీటలు తప్పాయి. మూడుసార్లు చెరిపి రాసింది.

ఆ రోజుల్లోనే సామర్లకోట నుంచి కిరీటి అనే అబ్బాయి పేరు వచ్చింది. తండ్రి లేడు. తల్లి అనసూయమ్మ ఇంట్లోనే మిషను కుట్టి పెంచింది. ఫోటోలో అతను నవ్వాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు ఉంటాడు. అతను వచ్చి నాలో చేరిన కొద్ది నెలలకే రాజమండ్రి రోడ్డు మీద బండి జారి పడి చనిపోయాడు.

సంగతి తెలియక ఆడపిల్లలవాళ్లు అనసూయమ్మకు ఫోన్లు చేస్తూనే ఉన్నారు. ఆవిడ సౌదామినికి ఫోన్ చేసింది. “ఆడి పేరు తీసెయ్యండమ్మా. అబ్బాయి ఏం చేత్తన్నాడు, ఎప్పుడు రమ్మంటారు అనడుగుతున్నారు. ఏం చెప్పనమ్మా నేను?”

సౌదామిని వెళ్లి యజమానిని అడిగింది. ఆయన చెవులు మూసుకున్నంత పని చేశారు. “పేరు కొట్టెయ్యొద్దు. ‘కుదిరింది’ అని పెట్టెయ్. ఇంక ఎవరికీ కనబడడు. గొడవొదిలిపోద్ది.”

ఆవిడ వచ్చి ‘కుదిరింది’ అని పెట్టింది. ఎవరితో అని నేను అడిగాను. నాకు వేరే మాట రాదు. ఆవిడ కళ్లు తుడుచుకుని, ఏమీ భద్రపరచకుండా నన్ను మూసేసింది. కిరీటి ‘చూస్తున్నారు’లోనే ఉండిపోయాడు. ఫోన్లు ఆగలేదు. ఆ తల్లి మళ్లీ మళ్లీ చేసేది. అప్పుడు నాకు నా మీద అసహ్యం వేసింది.

ఆ ఏడు వానాకాలం కాకినాడలో విషజ్వరాలు. హైమ నుంచి ఫోన్ రాలేదు. వాళ్ల నాన్న నుంచి వచ్చింది. ఆయన చెప్పాల్సిందంతా ఒక్క ముక్కలో చెప్పేశాడు. “మా అమ్మాయి లేదమ్మా. పేరు తీసెయ్యండి. ఇంకెవరూ ఫోన్ చెయ్యకూడదు. మా ఆవిడ తట్టుకోలేదు.”

సౌదామిని ఫోన్ పెట్టేసింది. తర్వాత బాణం గుర్తు నొక్కి హైమ పేరు ఎంచుకుంది. పైన హైమ ఫోటో. కింద ఆ పిల్ల మాటలు. వాటి కింద, ఇంకా చూడాల్సిన సంబంధాల్లో మొదటి వరస. గోత్రాలు వేరు, నక్షత్రాలు పొసగుతాయి, వయసు సరిపోతుంది. కిరీటి, సామర్లకోట. ఆ వరసను అక్కడికి తెచ్చింది నేనే. నాకు తెలిసిన లెక్క ప్రకారం తెచ్చాను. చనిపోయినవాళ్లని తెలుసుకునే గడి నాకు లేదు.

ఆవిడ ఆ వరస వంక చూసింది. ‘కుదిరింది’ అని పెట్టింది. ఎవరితో అని నేను అడిగితే కిరీటి పేరు ఎంచుకుంది. తేదీ అడిగాను. ఆ రోజు తేదీ వేసింది. భద్రపరిచింది.

నేను ఒప్పుకున్నాను. ఒక్క గడి కూడా ఖాళీ లేదు కదా, ఎలా కాదంటాను? ఎన్నో పెళ్లిళ్లు నమోదు చేశాను గాని అలాంటి భయం ఎప్పుడూ వెయ్యలేదు. భజంత్రీలు లేవు, అక్షింతలు లేవు, పెళ్లికొడుకూ పెళ్లికూతురూ అసలే లేరు. పెళ్లి మాత్రం అయిపోయింది. సౌదామిని రెండు చేతులూ కళ్లకద్దుకుని లేచి వెళ్లిపోయింది.

దాంతో కిరీటి కూడా ‘కుదిరింది’లోకి వెళ్లిపోయాడు, వాళ్లమ్మకు ఫోన్లు ఆగాయి. ఆ తర్వాత ఎవరూ ఆ పేర్లు ఎంచుకోలేదు. కానీ ఎవరి కోసమో బాణం నొక్కినప్పుడల్లా పేర్ల వరసలో హైమ కూడా జారుతూ వెళ్లేది. కనబడి మాయమయ్యేది. పుట్టినరోజు రాగానే నేను ఆ పిల్లకు ఒక ఏడు కలిపేదాన్ని. కలపకుండా ఉండటం నా చేతిలో లేదు. ఈ లోకంలో హైమకు వయసు పెరుగుతున్న చోటు ఒక్కటే, అది నేను.

మృత్యుంజయరావు గారికి ఇంతలో ఒక ఆలోచన వచ్చింది. కుదిరిన జంటలన్నిటికీ ఏటా పెళ్లిరోజుకు శుభాకాంక్షల కార్డు పంపితే కేంద్రానికి మంచి పేరు. ఫణీంద్రను పిలిపించి నాలో ఒక మీట పెట్టించారు. అది నొక్కితే ఆ నెల జంటలందరి కార్డులూ అచ్చయి వస్తాయి. అమ్మాయి పుట్టింటికొకటి, అబ్బాయి ఇంటికొకటి. ఆ నెల సౌదామిని వాళ్లమ్మ కంటి ఆపరేషనుకు సెలవు పెట్టింది. యజమాని ఉత్సాహంగా తానే వచ్చి మీట నొక్కారు. కార్డులు ఒకదాని వెనక ఒకటి వస్తుంటే మురిసిపోయారు. ‘హైమ, కిరీటి దంపతులకు పెళ్లిరోజు శుభాకాంక్షలు’ అన్న కార్డు కూడా ఆయన చేతుల మీదుగానే కవర్లోకి వెళ్లింది. అరుద్దామంటే నాకు నోరు లేదు.

సుబ్బారాయుడు వానలో వచ్చాడు. గొడుగు మెట్ల దగ్గర వదిలి, చొక్కా లోపల్నుంచి పాలిథిన్ సంచిలో చుట్టిన కార్డు తీశాడు. అప్పటికి సౌదామిని సెలవు నుంచి వచ్చేసింది. కార్డు చూడగానే ఆవిడ మొహంలో రక్తం లేదు. మృత్యుంజయరావు గారు ఎవరికో ఫోన్ చెయ్యాలంటూ వెనక గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు.

“ఇది మీరే పంపేరా అమ్మా?”

“మావేనండి. తప్పయిపోయిందండి.”

“పోస్టుమేను నా చేతికిచ్చేడు గాబట్టి సరిపోయింది. మా ఆవిడకిచ్చుంటే ఏవయ్యేదో తెలుసా మీకు? తీసెయ్యమని చెప్పేను గదమ్మా ఆరోజే! ఇప్పుడు నా ఎదురుగా తీసెయ్యండి. నేను చూడాలి.”

సౌదామిని లేచింది. ఆయనకు కుర్చీ వేసింది. బాణం నొక్కి హైమ పేరు ఎంచుకుంది. పైన ఫోటో వచ్చింది. ఆయన ఊపిరి ఒక్కసారి ఆగడం నాకు వినబడింది. ఆవిడ చెరిపే మీట నొక్కింది. అలా నొక్కినప్పుడు నేను ఒక ప్రశ్న అడగాలి. నా బతుకంతటికీ నాకున్న సొంత గొంతు అదొక్కటే.

‘ఈ పేరుతో పాటు దీనికి సంబంధించినవన్నీ పోతాయి. మళ్లీ రావు. చెరపమంటారా?’

ఆయన తడి కళ్లద్దాలు తుడుచుకుని దాన్ని పైకి చదివాడు. “సంబంధించినవన్నీ అంటే ఏంటమ్మా?”

“అమ్మాయిగారు ఫోన్ చేసి చెప్పినవండి. పెళ్లిచూపులైనప్పుడల్లా చెప్పేవారు. ఉన్నదున్నట్టే రాసేదాన్ని.”

“మా హైమ చెప్పిందా? మీకా?”

ఆవిడ ప్రశ్నను పక్కకు జరిపి, కింది వరసలు చూపించింది. ఆయనకు కనబడకపోతే తానే చదివింది. గడియారం పెళ్లికొడుకు దగ్గర ఆయన మొహం బిగుసుకునే ఉంది. ఉప్మా దగ్గర, “ఆరోజు జీడిపప్పేసి చేసేనమ్మా” అన్నాడు. నడవమన్న వరస దగ్గరికి వచ్చేసరికి నోరు తెరుచుకుని ఉండిపోయాడు. తర్వాత నవ్వాడు. భుజాలు ఎగిరేలా నవ్వాడు. ఆ నవ్వు ఎక్కడ ఏడుపులోకి మారిందో నాకూ తెలియలేదు.

“వాళ్లే ఒద్దన్నారని నేనూరుకున్నాను. ఇదా చేసింది! ఎంత మాటందమ్మా ఆవిణ్ణి!”

వేలు చాపి నా తెర మీద హైమ చెంప ముట్టుకున్నాడు. పాతకాలం గాజు తెర కదా, చిటపటమని ఆయన వేలిని చిన్నగా కుట్టింది. ఆయన చెయ్యి తీసుకోలేదు.

కొంతసేపయ్యాక కార్డు మీది రెండో పేరు చూపించాడు. “ఈ కిరీటెవరు?”

సౌదామిని తలొంచుకుంది. అబద్ధం చెబుతుందేమోనని భయపడ్డాను. చెప్పలేదు. “ఆయన కూడా లేరండి. అమ్మాయిగారికన్నా ముందే పోయేరు. మా ఫారంలో ఎవరో ఒకళ్ల పేరు పెట్టందే ఒప్పుకోదండి. బతికున్నవాళ్ల పేరు పెట్టలేకపోయేను. నక్షత్రాలవీ కలిసేయండి. అందుకని...”

ఆయన లేచి కేకలేస్తాడనుకున్నాను. నా ప్రశ్నకు అవునని నొక్కమంటాడనుకున్నాను. నొక్కితే హైమ పోతుంది, ఆ మాటలు పోతాయి, అటు కిరీటి పక్కన గడి మళ్లీ ఖాళీ అవుతుంది. ఆ తల్లికి మళ్లీ ఫోన్లు మొదలవుతాయి.

“ఆ అబ్బాయిని చూపించమ్మా,” అన్నాడు.

చూపించింది. నవ్వాలా వద్దా అని ఆలోచిస్తున్న ఆ మొహాన్ని ఆయన చాలాసేపు చూశాడు. పిల్లనిచ్చేవాళ్లు చూసే చూపే అది. నాకు బాగా తెలిసిన చూపు.

“వాళ్లమ్మగారికీ ఎళ్లుంటదా ఈ కార్డు?”

“ఎళ్లే ఉంటదండి. తండ్రి లేరు, ఆవిడొక్కరే ఉంటారు.”

“మరావిడ ఒక్కత్తే ఉంటదంటున్నారు గదమ్మా. అడ్రసివ్వండి. నేనెళ్లి చెప్పొస్తాను.” మెట్ల దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. “చెరపకమ్మా. ఉండనీ.”

తర్వాత నెలకో ఎప్పుడో ఇద్దరూ కలిసి వచ్చారు. అనసూయమ్మ నూలు చీర కట్టుకుని, చేతిలో చిన్న సంచి పట్టుకుని, పెళ్లిచూపులకు వచ్చినట్టే కుర్చీ అంచున కూర్చుంది. ఆవిడ దగ్గరా ఆ కార్డు ఉంది. చింపెయ్యబోయి చింపలేకపోయిందట. సౌదామిని హైమ పేరు ఎంచుకుంది. ఆవిడ ముందుకు వంగి చూసింది.

“పిల్ల లక్షణంగా ఉందన్నయ్యగారూ.”

“ఆయ్,” అన్నాడు సుబ్బారాయుడు.

నాలో కిరీటికి ఎదురుగా హైమ ‘అభిప్రాయం’ గడి ఒకటి ఖాళీగా ఉండేది. అందులో ఏదైనా రాయమంటారా అని సౌదామిని అడిగింది. అది రాయాల్సిన మనిషి వేరే ఉందని ఆయన వద్దన్నాడు. ఆ గడి ఇప్పటికీ ఖాళీయే.

ఏళ్లు గడిచాయి. పెళ్లిళ్లన్నీ ఫోన్లలోకి వెళ్లిపోయాయి. మృత్యుంజయరావు గారి కొడుకు వచ్చి ‘చూస్తున్నారు’ అన్న పేర్లను మాత్రం కొత్తదానిలోకి ఎక్కించాడు. కుదిరినవాళ్లతో వాళ్లకిక పని లేదు. నన్ను అటక ఎక్కించారు. కరెంటు లేదు, వెలుగు లేదు. కంప్యూటరు లోపల గుండీ అంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. మెషిను ఆరి ఉన్నా గడియారాన్ని అది నడుపుతూ ఉంటుంది. దాని బలంతోనే చీకట్లో హైమకు వయసు కలుపుతూ కూర్చున్నాను. ఒకనాడు ఆ బ్యాటరీ కూడా అయిపోయింది.

పాత సామానంతా తూకానికి ఇచ్చేస్తున్నారని సౌదామిని కబురు పెడితే సుబ్బారాయుడు వచ్చాడు. ఈసారి భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. ఇన్నేళ్లూ ఆవిడ దగ్గర దాచిన సంగతి చివరికి చెప్పాడన్నమాట. ఆవిడ పేరు కాంతమ్మ. అనసూయమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని మెట్లెక్కించింది. అటక మీంచి దింపించిన మెషిను వెలుగుతుందో లేదోనని సౌదామిని తీగలు రెండుసార్లు తీసి పెట్టింది. కూతురి మాటలు వినాలని ఆ తల్లి ఇక్కడిదాకా వచ్చింది. నేను వెలగకపోతే ఆ మాటలు ఇంకెక్కడా లేవు.

ఫ్యాను మూలిగింది. తెర ఒకసారి పచ్చగా మిణుకుమని వెలిగింది. సౌదామిని హైమ పేరు ఎంచుకుంది. వరసలన్నీ ఒక్కొక్కటిగా చదివింది. కాంతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. నడవమన్న చోట, “అడగాల్సిందే, ఆవిడెవరు మా పిల్లని నడవమనడానికి!” అంది. అందరూ ఒక్కసారి నవ్వారు.

అప్పుడు సౌదామిని తెర మీద ఏదో చూసి ఆగిపోయింది. బ్యాటరీ పోవడంతో గడియారం వెనక్కి జారిపోయి, ఆ మెషిను పుట్టిన రెండువేల మూడు దగ్గర ఆగింది. నేను మామూలుగానే లెక్క కట్టాను. నాకు వేరే లెక్క రాదు.

హైమ. వయసు పద్దెనిమిది. పరిస్థితి, కుదిరింది. కార్డుల కోసం చేర్చిన ‘పెళ్లయి ఎన్నేళ్లు’ అన్న గడిలో ఆరు, దానికి ముందు చిన్న అడ్డగీత.

“తేదీ తప్పు చూపిస్తందండి. సరిచేస్తాను,” అని సౌదామిని చెయ్యి చాపింది.

కాంతమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. “ఏంటమ్మా ఆ గీత? అంటే ఏంటి?”

“అంటే... పెళ్లికి ఇంకా ఆరేళ్లుందనండి.”

కాంతమ్మ తెర దగ్గరికి వంగింది. “పద్దెనిమిదేళ్లు. కాలేజీలో చేరింది ఆ ఏడే గదండీ. సైకిలు మీంచి పడి మోచెయ్యి చెక్కుకుంది.” ఆ తర్వాత సౌదామిని చెయ్యి వదలకుండానే అంది. “సరిచెయ్యకమ్మా. ఇలాగే ఆర్పెయ్.”

ఆవిడ అలాగే ఆర్పింది.

ఇప్పుడు నేను జగన్నాథపురం వంతెన దాటాక ఒక పాత ఇనుప సామాను కొట్లో, చిల్లుపడ్డ కూలరు కింద ఉన్నాను. రేపో ఎల్లుండో సుత్తితో పగలగొడతారు. అందుకు బాధ లేదు. ఇప్పుడు నా లోపల ఏ గడియారమూ నడవడం లేదు. ఎవరికీ వయసు కలపనక్కర్లేదు. చీకట్లో హైమ ఉంది, కాలేజీకి వెళుతోంది, మోచేతికి కట్టుంది. సామర్లకోటలో ఒక అబ్బాయి ఇంకా ఫోటో దిగలేదు. పెళ్లికి చాలా టైముంది.